గ్రంథాలయంలో పెద్దల చదువు ఆగాలా, సాగాలా?

(అమలాపురంలో ఒక స్థానిక ఛానల్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెప్పేవారు, నెలకోసారి హరికథో పద్యాలో పెట్టేవారు. పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ళు గోలగా ఉందని అర్జీ పెట్టారు, అంతా ఆగిపోయింది. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినబడినంత వరకే రాశాను.)

యాంకర్: నలుగురికీ సమానంగా సమయం ఇస్తాను. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడదాం. ముందు అర్జీ ఇచ్చినవాళ్ళ తరఫున వచ్చిన తమ్ముడు చెప్పాలి.

అభ్యర్థి: గ్రూప్-2కి చదువుతున్నానండి. మా ఇంట్లో ఉన్నది ఒకటే గది. అందులోనే వంట, అందులోనే పడక. నాకు లైబ్రరీ తప్ప వేరే దిక్కు లేదు. అక్కడ చూస్తే ఒకటే హాలు. ఆదివారం సాయంత్రం హార్మోనియం తీశారంటే...

మాస్టారు: హార్మోనియం నెలకోసారే కదా నాయనా!

అభ్యర్థి: నెలకోసారే మాస్టారూ, కాదనను. మిగతా వారాల్లో పాతికమంది కలిసి పైకి చదువుతారు కదండీ.

మాస్టారు: పైకి చదవకపోతే అక్షరం నోటికెలా వస్తుందయ్యా? ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను, నాకు తెలుసు. అసలు ఈ గ్రంథాలయాలు ఎందుకు పుట్టాయో చెప్పనివ్వండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి 1898లో పునాది పడింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. దాని వెనకున్న అయ్యంకి వెంకటరమణయ్యగారు ఎవరు? మన కొంకుదురులో పుట్టినాయన! ఆ రోజుల్లో ఊళ్ళో చదువొచ్చినవాళ్ళు ఎందరు? గ్రంథాలయం అరుగు మీద ఒకరు పేపరు చదువుతుంటే పదిమంది వినేవారు. రాత్రి బడులు నడిచేవి. హరికథలు చెప్పించేవారు. ఆనాడు ఇదంతా గోల అనుకుని ఉంటే...

యాంకర్: మాస్టారూ, ఒక్క నిమిషం. సెస్సు సంగతి అడుగుతాను. 1960 చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికి కడుతున్నాం. ఆ డబ్బుతో ఇంకో గది కట్టొచ్చు కదా?

గ్రంథపాలకురాలు (రిటైరయ్యారు): ఆ డబ్బు పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలండి. వసూలైనదంతా వెంటనే జమ కాదు, బకాయిలు పడుతుంటాయి. గది సంగతి తర్వాత. మా శాఖల్లో చాలా చోట్ల ఉండేది ఒక్క మనిషి. తాళం తీసేదీ, పుస్తకం ఇచ్చేదీ, రిజిస్టరు రాసేదీ ఆ మనిషే. ఆ పని నేనూ చేశాను. కార్యక్రమం అంటే కుర్చీలు వేయడం దగ్గర్నుంచి...

మాస్టారు: కుర్చీలు నేను వేస్తానమ్మా! నేను వేస్తాను. మనసుండాలి గానీ కుర్చీలదేముంది?

యాంకర్: అమ్మా, మీరు చెప్పండి. మీరు అక్కడే చదువు నేర్చుకుంటున్నారు కదా?

డ్వాక్రా సభ్యురాలు: ఆయ్. మాది లంక ఊరండీ. రేవు దాటి రావాలి. మిగతా రోజుల్లో కొబ్బరి పీచు పనికి వెళ్తాను, ఆదివారమే తీరిక. మొదట్లో సంఘం తీర్మానాల పుస్తకంలో వేలిముద్ర వేసేదాన్ని. ఎంత అప్పు రాశారో, ఎవరి పేరు మీద రాశారో పక్కావిడ చదివి చెబితేనే తెలిసేది. ఇప్పుడు నేనే చదువుతాను. నిదానంగా, వేలు పెట్టుకుని చదువుతాను. ఒత్తులు దగ్గర ఆగిపోతుంటాను. ఇంకా కొన్ని వారాలు చెప్పుంటే వచ్చేసేది, ఈలోగా ఆపేశారు. వచ్చే ఆదివారం రమ్మంటారో వద్దంటారో అడగడానికే ఇక్కడికి వచ్చానండీ.

(ఆ మాటకు ఎవరో ఒకరు జవాబు చెబుతారని ఎదురు చూశాను.)

మాస్టారు: విన్నారా! అక్షరం చేసే పని ఇదీ. నెల్లూరు జిల్లా దూబగుంట తెలుసు కదా? ఆడవాళ్ళు రాత్రి అక్షరాస్యత తరగతుల్లో పాఠం చదివి, సారా కొట్టు మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. పెద్దల చదువంటే చిన్న విషయం అనుకోకండి!

అభ్యర్థి: చిన్న విషయమని నేను అనలేదు మాస్టారూ. మా అమ్మ కూడా వేలిముద్రే. వేరే వేళ పెట్టమంటున్నాను. శుక్రవారం లైబ్రరీకి సెలవు కదా, ఆ రోజు హాలు ఖాళీగానే ఉంటుంది.

గ్రంథపాలకురాలు: శుక్రవారం ఆ ఉద్యోగికి దొరికే సెలవు బాబూ. తాళం ఎవరు తీస్తారు? పోనీ తీశారనుకో, ఈవిడకి శుక్రవారం పని ఉంది కదా?

డ్వాక్రా సభ్యురాలు: శుక్రవారమైతే కూలి పోతుందండీ.

యాంకర్: అందుకే మళ్ళీ సెస్సు దగ్గరికే వస్తున్నాను. డబ్బుంటే ఇంకో మనిషిని పెట్టొచ్చు. బకాయిలు ఎంతున్నాయో...

మాస్టారు: డబ్బు, డబ్బు! పడవలో పుస్తకాలు పెట్టుకుని కాలువల మీద ఊరూరా తిప్పినవాళ్ళ దగ్గర ఏం డబ్బుంది? మన గోదావరి కాలువల మీదే కదా ఆ పడవ గ్రంథాలయం...

గ్రంథపాలకురాలు: మాస్టారూ, అది కృష్ణా కాలువండీ. పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య తిరిగేది. 1935లో మొదలైంది.

మాస్టారు: ఏ కాలువైతేనేం! కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక మన కాలువల మీదా పడవలు తిరిగాయి. లాకుల దగ్గర పడవ ఆగితే...

గ్రంథపాలకురాలు: పడవలు తిరిగాయి, సరే. పుస్తకాల పడవ తిరిగింది మాత్రం అక్కడ.

మాస్టారు: సరేనమ్మా, కృష్ణా కాలువే. నా మాట మారదు. పుస్తకం జనం దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడు జనం పుస్తకం దగ్గరికి వస్తుంటే మనం వెనక్కి పంపుతున్నాం!

(ఇక్కడ రెండు నిమిషాలు లాకులు, పడవలు, పాత రేవుల మీద మాటలు నడిచాయి. అభ్యర్థి రెండుసార్లు చెయ్యెత్తాడు.)

అభ్యర్థి: నాకు ఒక్క మాట చెప్పే అవకాశం ఇవ్వండి. నేను లైబ్రరీలో చదివే పుస్తకాలు కొనాలంటే వేలు కావాలి. కోచింగ్‌కి హైదరాబాదో విజయవాడో వెళ్ళే స్తోమత లేదు. పరీక్ష దగ్గరికొచ్చేసరికి టెన్షన్‌తో నిద్ర పట్టదు. నిశ్శబ్దంగా రెండు గంటలు దొరికితే చాలనుకుంటాను. మేం ఎవరికీ శత్రువులం కాదు. మేమూ పెద్దవాళ్ళమే, మాదీ చదువే.

గ్రంథపాలకురాలు: ఇది నిజం. నేను పనిచేసినప్పుడు ఈ కుర్రాళ్ళు తాళం తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేవారు.

మాస్టారు: కూర్చోనీ! ఎవరు వద్దన్నారు? వారంలో మిగతా రోజులన్నీ వాళ్ళవే. ఒక్క సాయంత్రం ఈవిడది. పైగా ఊరికే అక్షరాలు కాదు, బ్యాంకు నుంచంటూ ఓటీపీ అడిగితే చెప్పొద్దని నేర్పాం, షుగరు మందులు ఎలా వాడాలో డాక్టరుగారిని పిలిచి చెప్పించాం. చెరువు నీళ్ళ పరీక్ష కాగితం ఎలా చదవాలో చెబితే రొయ్యల రైతులు కూడా వచ్చి కూర్చున్నారు. హరికథ రోజున హాలు చాలక అరుగు మీద నిలబడి విన్నారు!

గ్రంథపాలకురాలు: ఆ అరుగు మీదే చదువు పెట్టొచ్చేమో, ఒక లైటు వేస్తే...

యాంకర్: లైటుకి కూడా సెస్సు నిధులే కదా! ఆ బకాయిల లెక్క...

మాస్టారు: అరుగు మీదెందుకు? లోపలే! లోపల కూర్చునే హక్కు ఉంది!

(నలుగురూ ఒకేసారి మాట్లాడారు. "వర్షాకాలం", "దోమలు", "తలుపు వేసుకుంటే" అన్న మాటలే వినబడ్డాయి. అరుగు ఆలోచన నాకు నచ్చింది, ఎవరూ దాన్ని మళ్ళీ ఎత్తలేదు.)

యాంకర్: సమయం అయిపోతోంది. మొత్తం మీద మాస్టారు చెప్పినట్టు కార్యక్రమాలు కొనసాగాలన్నదే ఇక్కడ...

అభ్యర్థి: నేను ఒప్పుకోలేదండీ.

యాంకర్: మీ అభిప్రాయమూ విన్నాం తమ్ముడూ. సెస్సు మీద వచ్చే వారం ప్రత్యేకంగా...

మాస్టారు: నాకు ఇంకొక్క అర నిమిషం ఇవ్వండి, నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు...

డ్వాక్రా సభ్యురాలు: అయ్యా, ఆదివారం రమ్మంటారా?

యాంకర్: అమ్మా, టైం అయిపోయింది.