పాత పీఎస్పీకి ఇంటి వై-ఫై: గేట్లు ఎత్తకుండా తూము తీద్దాం

(దృశ్యం: చెక్క బల్ల మీద నల్లటి పీఎస్పీ, పక్కన చార్జరు. వెనుక కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ.)

నమస్కారం. విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. బల్ల మీద ఉన్నది పీఎస్పీ 2000, సోనీ వాళ్ళ చేతి ఆటల యంత్రం. మా బావగారు 2008లో కొనుక్కున్నారు. ఏళ్ల తరబడి బీరువాలో పెళ్లి ఆల్బమ్ కింద పడి ఉంది. వేసవి సెలవులకు గుంటూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు దాన్ని సంచిలో వేసుకుని తెచ్చాడు.

"మామయ్యా, ఆటలు ఆడుతోంది, పాటలు పాడుతోంది, వై-ఫై మాత్రం ఎక్కడం లేదు. లోపల వై-ఫై ముక్క కాలిపోయిందని ఒక దుకాణంలో చెప్పారు" అన్నాడు.

కాలిపోలేదు. అందుకే ఈ వీడియో చేస్తున్నాను. బాగున్న యంత్రానికి చెడిపోయిందని ముద్ర వేసి పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తున్నారు. నాకు అది చాలా బాధగా అనిపిస్తుంది. పీఎస్పీ ఒక్కటే కాదు, అలాంటిదే మరో ఆటల యంత్రం నింటెండో డీఎస్ ఉన్నవాళ్ళకూ ఇదే అనుభవం. నెట్‌వర్క్ పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతాం, అయినా ఎక్కదు.

ముందు ఒక జాగ్రత్త. వెనుక మూత తీసి బ్యాటరీని చూడండి.

(దృశ్యం: వెనుక మూత తీయడం. బ్యాటరీని బల్ల మీద పడుకోబెట్టి, అది సమంగా ఆనుతోందో లేదో చూపడం.)

మన ఊరి రోహిణి కార్తె ఎండల్లో, మూసిన బీరువాలో ఏళ్లు గడిపిన బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. బల్ల మీద పెడితే అటూ ఇటూ ఊగినా, మూత సరిగ్గా పడకపోయినా దాన్ని చార్జింగ్‌లో పెట్టకండి, గుచ్చకండి, చెత్తబుట్టలోనూ వేయకండి. పాత ఎలక్ట్రానిక్ వస్తువులు తీసుకునే చోట అప్పగించండి. బ్యాటరీ లేకుండా కూడా పీఎస్పీ తన 5 వోల్టుల చార్జరుతో నేరుగా నడుస్తుంది. ఈ రోజు మా పని అంతా అలాగే జరిగింది.

ఇక అసలు విషయం. పేరు కనిపించినా ఎందుకు ఎక్కడం లేదు?

(దృశ్యం: కాగితం మీద చేత్తో గీసిన మూడు తాళాల బొమ్మలు.)

వై-ఫైకి మొదటి తాళం, అంటే గాలిలో వెళ్ళే సమాచారాన్ని కాపాడే పద్ధతి, 1997లో వచ్చింది. దాని పేరు డబ్ల్యూఈపీ, వాడుకలో వెప్ అంటారు. 2001లో ముగ్గురు పరిశోధకులు, ఫ్లూరర్, మాంటిన్, షమీర్, ఆ తాళం కట్టుబడిలోనే ఉన్న లోపాన్ని బయటపెట్టారు. 2007 నాటికి ఒక్క నిమిషంలోపే దాన్ని తీయవచ్చని జర్మనీలోని డార్మ్‌స్టాట్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసి చూపించారు. అంటే ఇంటికి తాళం వేసి, తాళం చెవి గుమ్మానికే వేలాడదీసినట్టు.

తాళం పనికిరాదని తేలింది సరే, అప్పటికే జనం చేతుల్లో ఉన్న పరికరాలను ఏం చేయాలి? వాటిని పారేయకుండా, సాఫ్ట్‌వేర్ మార్పుతోనే గట్టిపరిచేలా 2003లో డబ్ల్యూపీఏ తెచ్చారు. అందులో టీకేఐపీ అనే పద్ధతి పాత చిప్పుల మీద కూడా నడిచేటట్టు తయారైంది. పూర్తి స్థాయి కొత్త తాళం డబ్ల్యూపీఏ2. దాని ప్రమాణం 2004 జూన్‌లో ఖాయమైంది. 2006 నుంచి 2020 వరకు వై-ఫై ముద్ర కావాలంటే ప్రతి కొత్త పరికరంలోనూ అది తప్పనిసరిగా ఉండేది. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది.

ఇప్పుడు పీఎస్పీ పుట్టిన తేదీ చూడండి. జపాన్‌లో 2004 డిసెంబరు 12. డబ్ల్యూపీఏ2 ఖాయమైన ఆరు నెలలకు. అప్పటికే లోపలి భాగాలు ఖరారైపోయి ఉంటాయి కదా. మొదట వెప్ ఒక్కటే ఉండేది, 2005లో వచ్చిన 2.00 సాఫ్ట్‌వేర్‌తో డబ్ల్యూపీఏ చేరింది. అక్కడితో ఆగిపోయింది. 2015లో వచ్చిన చివరి సాఫ్ట్‌వేర్ 6.61లో కూడా డబ్ల్యూపీఏ2 లేదు. నింటెండో డీఎస్ అయితే వెప్ దగ్గరే ఉండిపోయింది.

మన ఇంటి కొత్త రూటరేమో డబ్ల్యూపీఏ2 తప్ప మరో మాట వినదు. రెండూ బాగానే ఉన్నాయి, ఇద్దరికీ తెలిసిన భాష ఒకటి లేదు, అంతే.

రెండో చిక్కు గాలిలో ఉంది. పీఎస్పీ రేడియో 1999 నాటి 802.11బీ ప్రమాణానిది. 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు, ఎంత లాగినా సెకనుకు 11 మెగాబిట్లు. 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ దాని కంటికి అసలు ఆనదు. వై-ఫై పేరు చివర 5జీ అని ఉన్నది మీ ఫోనుకు కనిపించి, పీఎస్పీకి కనిపించకపోతే కంగారు పడకండి. కొన్ని రూటర్లలో 2.4 వైపు కూడా పాత బీ పరికరాలను రానివ్వకుండా పెట్టి ఉంటారు. మోడ్ అనే చోట బీ-జీ-ఎన్ (వై-ఫై ప్రమాణాల్లో వరుసగా వచ్చిన తరాలు) మూడూ ఉన్న ఎంపిక పెట్టాలి.

(దృశ్యం: ప్రకాశం బ్యారేజీ, తరువాత పొలం గట్టున తూము.)

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఇంటి వై-ఫై మొత్తాన్ని వెప్‌కో, తాళం లేని స్థితికో దించేస్తారు. పీఎస్పీ ఎక్కుతుంది, నిజమే. కానీ అదే నెట్‌వర్క్ మీద అమ్మ ఫోనులో బ్యాంకు యాప్ ఉంటుంది, నాన్న కంప్యూటర్‌లో ఆస్తి కాగితాలు ఉంటాయి. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. ఒక మడికి నీళ్ళు కావాలని ఆ గేట్లన్నీ ఎవరూ ఎత్తరు. పొలం దగ్గర తూము తీస్తారు, మడి తడిసాక మూస్తారు. మనం కూడా ఇంట్లో ఒక తూము పెట్టుకుందాం.

ఆ తూము పేరు గెస్ట్ నెట్‌వర్క్. అంటే అదే రూటర్ నుంచి వేరే పేరుతో, వేరే పాస్‌వర్డ్‌తో తెరిచే రెండో వై-ఫై.

(దృశ్యం: రూటర్‌ను తిరగేసి, కింద ఉన్న స్టిక్కర్‌ను దగ్గరగా చూపడం. పాస్‌వర్డ్ ఉన్న చోట వేలు అడ్డం.)

రూటర్ కింద స్టిక్కర్ మీద ఒక చిరునామా ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1. ఫోనును ఇంటి వై-ఫై మీదే ఉంచి, బ్రౌజర్‌లో ఆ అంకెలు కొట్టండి. స్టిక్కర్ మీది పేరు, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్ళండి. లోపలికి రానివ్వకపోతే మీకు కనెక్షన్ ఇచ్చిన కేబుల్ ఆపరేటర్‌ను అడగండి. గెస్ట్ నెట్‌వర్క్ పెట్టుకోవాలి అని చెబితే చాలు, అది వాళ్ళకు తెలిసిన పనే.

కొన్ని పెట్టెల్లో గెస్ట్ నెట్‌వర్క్ అని విడిగా ఉంటుంది. ఫైబర్ పెట్టెల్లో చాలావాటిలో ఎస్ఎస్ఐడీ1, ఎస్ఎస్ఐడీ2 అంటూ వరుస ఉంటుంది; ఎస్ఎస్ఐడీ అంటే వై-ఫై పేరు. మొదటిదాన్ని ముట్టుకోకండి. ఖాళీగా ఉన్న రెండోదాన్ని 2.4 గిగాహెర్ట్జ్ వైపు తెరవండి. పేరు చిన్నదిగా, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2 రెండూ కలిసిన మిక్స్‌డ్ ఎంపిక, ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య రూపంలోకి మార్చే పద్ధతి) దగ్గర పాత టీకేఐపీ, కొత్త ఏఈఎస్ రెండూ కలిసినది. పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలు ఉండాలి, ఇంటి అసలు పాస్‌వర్డ్ మాత్రం వద్దు. పీఎస్పీలో అక్షరాలు కొట్టడం పాత బటన్ల ఫోనులో సందేశం కొట్టినట్టు ఉంటుంది కాబట్టి అంకెలు, చిన్న అక్షరాలతో సరిపెట్టుకుంటే వేళ్ళకు సుఖం.

ఐసొలేషన్ అనే మీట కనిపిస్తే వేసి ఉంచండి. ఆ నెట్‌వర్క్ మీద ఎక్కినవాళ్ళు ఇంట్లోని మిగతా పరికరాలను చూడలేకుండా ఉండటానికి అది.

ఎన్‌క్రిప్షన్‌లో టీకేఐపీ ఒక్కటే ఎందుకు పెట్టకూడదంటే, 802.11ఎన్ ప్రమాణం టీకేఐపీతోనూ వెప్‌తోనూ వేగంగా నడవడానికి ఒప్పుకోదు. ఆ పేరు మీద ఎక్కిన కొత్త ఫోను కూడా 54 మెగాబిట్లకు దిగిపోతుంది. ప్రధాన వై-ఫైని మార్చవద్దని నేను పట్టుబట్టడానికి ఇది కూడా కారణం. ఒక పీఎస్పీ కోసం ఇల్లంతా నెమ్మదిగా నడవనక్కరలేదు.

ఇప్పుడు పీఎస్పీ చేతిలోకి తీసుకుందాం.

(దృశ్యం: పీఎస్పీ తెర దగ్గరగా. మేనల్లుడి వేళ్ళు బటన్ల మీద.)

మొట్టమొదట వై-ఫై మీట. 1000 మోడల్‌లో ఎడమ పక్కన, 2000, 3000 మోడళ్ళలో పై అంచు మీద ఉంటుంది. దాన్ని జరపకుండా గంటల తరబడి అవస్థ పడినవాళ్ళను చూశాను. ఒక మాట, ఈ1000 అనే చౌక మోడల్‌లో వై-ఫై అసలే పెట్టలేదు. మీ దగ్గర ఉన్నది అదైతే ఇక వెతకవద్దు.

మెనూలో సెట్టింగ్స్, అందులో నెట్‌వర్క్ సెట్టింగ్స్, అందులో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మోడ్, ఆపైన న్యూ కనెక్షన్. స్కాన్ నొక్కితే చుట్టుపక్కల పేర్లన్నీ వరుసగా వస్తాయి. అపార్టుమెంటులో ఉంటే పక్కింటివి, పైయింటివి కూడా వస్తాయి. మన గెస్ట్ పేరు ఎంచుకోండి. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ-పీఎస్కే, టీకేఐపీ ఉన్న వరుస. పాస్‌వర్డ్ కొట్టండి. చిరునామా సెట్టింగ్ దగ్గర ఈజీ. తరువాత సేవ్ చేసి, టెస్ట్ కనెక్షన్.

మాకు మొదటిసారి ఎక్కలేదు. పిల్లవాడి ముఖం చిన్నబోయింది. కారణం చాలా మామూలుది: రూటర్ హాల్లో ఉంది, మేము వెనుక గదిలో కూర్చున్నాము, మధ్యలో పాతకాలపు మందపాటి ఇటుక గోడలు రెండు. హాల్లోకి వచ్చి రూటర్ పక్కన కూర్చున్నాక తెర మీద ఐపీ చిరునామా (రూటర్ పీఎస్పీకి ఇచ్చే అంకెల చిరునామా) పడింది, దాని కింద ఇంటర్నెట్ కనెక్షన్ విజయవంతం అని వచ్చింది.

మీకు అప్పటికీ ఎక్కకపోతే తెర ఏం చెబుతోందో శ్రద్ధగా చదవండి. యాక్సెస్ పాయింట్ (అంటే మన రూటర్ వై-ఫై) దగ్గరే సమయం మించిపోతే తాళం రకం కలవలేదు, లేదా దూరం ఎక్కువ. ఐపీ చిరునామా వచ్చి, ఇంటర్నెట్ దగ్గర విఫలమైతే చిరునామా సెట్టింగును కస్టమ్‌గా మార్చి, డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చే సేవ) దగ్గర 8.8.8.8 పెట్టి చూడండి. ఎక్కి, కాసేపటికి పడిపోతూ ఉంటే పవర్ సేవ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, అక్కడి వై-ఫై పొదుపును ఆపండి. రూటర్ చానల్‌ను ఆటో నుంచి తీసి 1, 6, 11లలో ఒకదాని మీద నిలపడం కూడా మంచిది, ఆ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు. వంటింట్లో మైక్రోవేవ్ తిరుగుతున్నంతసేపు కూడా 2.4 మీద గొడవగానే ఉంటుంది.

డీఎస్ ఉన్నవాళ్ళకు ఇంకో మాట. దానికి వై-ఫై సెట్టింగులు ప్రధాన తెర మీద ఉండవు, నెట్ ఆట ఉన్న కార్డు పెట్టి, ఆ ఆట లోపలి నుంచే వెళ్ళాలి. వెప్ తాళం చెవి సరిగ్గా 5 అక్షరాలు, లేదా 13 అక్షరాలు ఉండాలి. అందులో ఒక అక్షరం తప్పు కొట్టినా పాస్‌వర్డ్ తప్పు అని వెప్ చెప్పదు. ఎక్కినట్టే ఎక్కి ఐపీ చిరునామా దగ్గర నిలిచిపోతుంది. అలా నిలిచిపోతే ముందు తాళం చెవినే అనుమానించండి.

కొన్ని కొత్త రూటర్లలో పాత తాళాలను పూర్తిగా తీసేశారు. అప్పుడు అటక ఎక్కండి.

(దృశ్యం: అటక మీద నుంచి దుమ్ము పట్టిన పాత రూటర్‌ను దించడం.)

ల్యాండ్‌లైన్ రోజుల్లో ఇచ్చిన పాత మోడెం రూటర్ అక్కడ ఉండవచ్చు. దాని సెట్టింగుల్లో డీహెచ్‌సీపీని, అంటే పరికరాలకు ఐపీ చిరునామాలు పంచే పనిని, ఆపండి, దాని సొంత చిరునామాను కొత్త పెట్టెతో తగువు పడకుండా 192.168.1.2 లాంటిదానికి మార్చండి, వై-ఫైకి పాత తాళం పెట్టండి. దాని ల్యాన్ రంధ్రం నుంచి కొత్త పెట్టె ల్యాన్ రంధ్రానికి ఒక కేబుల్ చాలు. కాకపోతే ఈ దారిలో పాత తాళం తీసినవాడు నేరుగా మీ ఇంటి నెట్‌వర్క్‌లోకే వస్తాడు. కాబట్టి ఆట అయిన వెంటనే దాని ప్లగ్ పీకేయండి. ఇది మర్చిపోయే అలవాటు ఉన్నవాళ్ళు ఈ దారికి రావద్దని నేను గట్టిగానే చెబుతాను. అలాంటివాళ్ళు ఫోను హాట్‌స్పాట్‌ను 2.4 మీద, తాళం లేకుండా ఓ పది నిమిషాలు తెరిచి, మూసేయడం మేలు.

ఎక్కాక ఏం చేయవచ్చు? ఇది దాచకుండా చెప్పాలి. అప్పటి ఆటల సర్వర్లలో చాలావరకు మూతబడ్డాయి. డీఎస్‌కు నింటెండో నడిపిన సేవ 2014 మే 20న ఆగిపోయింది. అభిమానులు సొంతంగా నడిపే సర్వర్లు కొన్ని ఉన్నాయి. పీఎస్పీ బ్రౌజర్‌కు ఈనాటి ఎన్‌క్రిప్షన్ తెలియదు కాబట్టి నేటి వెబ్‌సైట్లు చాలావరకు తెరుచుకోవు. పక్కపక్కనే కూర్చుని ఇద్దరు ఆడుకోవాలంటే ఈ రూటర్ తతంగం ఏదీ అక్కరలేదు, అడ్‌హాక్ మోడ్‌లో రెండు పీఎస్పీలు నేరుగా మాట్లాడుకుంటాయి.

మా మేనల్లుడికి కావలసింది వేరు. బడిలో వెబ్ పేజీ రాయడం నేర్పుతున్నారట. నా కంప్యూటర్‌లో ఒక చిన్న పేజీ రాశాడు. పీఎస్పీలో తెలుగు అక్షరాలు లేవు, అందుకని వాళ్ళ నాన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, కింద ఆయన కాలేజీ రోజుల ఫోటో పెట్టాడు. ఇంటి కంప్యూటర్‌నే సర్వర్‌గా నడిపి, ఐసొలేషన్ మీటను ఆ అరగంటకు తీసి, పీఎస్పీ బ్రౌజర్‌లో కంప్యూటర్ చిరునామా కొట్టాడు. ఎన్‌క్రిప్షన్ లేని మామూలు పేజీ కాబట్టి తెరుచుకుంది. ఫోటో పై నుంచి కిందకు కొంచెం కొంచెంగా దిగింది.

గుంటూరుకు వీడియో కాల్ చేసి ఆ తెర చూపించాడు. బావగారు కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. "అది ఇంకా పనిచేస్తోందా?" అన్నారు.

(దృశ్యం: ఫోనులో రూటర్ పేజీ. ఐసొలేషన్ మీట మళ్ళీ వేయడం, గెస్ట్ నెట్‌వర్క్ ఆపడం. పీఎస్పీ పై అంచున వై-ఫై మీటను మేనల్లుడి వేలు వెనక్కి జరుపుతుంది.)