టెర్మినల్‌లో నాలుగు వరుసలు ఉన్నచోటే మారాలంటే: మూడు పద్ధతులపై రివ్యూ

నమస్కారం. నాలుగు ఫైళ్లను ఒకేసారి డౌన్‌లోడ్ చేసే కమాండ్‌లైన్ ప్రోగ్రామ్ ఒకటి రాశామనుకుందాం. ఒక్కో ఫైలు ఎంత శాతం వచ్చిందో ఒక్కో వరుసలో కనిపించాలి. వరుసలు ఉన్నచోటే ఉండాలి, అంకెలు మాత్రమే మారాలి. ఇందుకు పైథాన్‌లో అందుబాటులో ఉన్న మూడు పద్ధతులను ఈ వీడియోలో పరీక్షిస్తున్నాను: మనమే రాసుకునే ఎస్కేప్ కోడ్‌లు (కర్సర్‌ను కదిలించమని, తెరను చెరపమని టెర్మినల్‌కు చెప్పే ప్రత్యేక అక్షరాల వరుసలు), తెరనంతా నడిపే కర్సెస్ లైబ్రరీ, తెర మీద కొంత భాగాన్ని ఉన్నచోటే తాజాపరిచే, రిచ్ లైబ్రరీలోని లైవ్.

ఒక్క వరుసే అయితే క్యారేజ్ రిటర్న్ అనే నియంత్రణ అక్షరం (\r) సరిపోతుంది. అది కర్సర్‌ను వరుస మొదటికి తెస్తుంది గాని, పై వరుసకు ఎక్కించలేదు. పైకి వెళ్లాలంటే ఎస్కేప్ అక్షరం, ఎడమ చదరపు బ్రాకెట్, ఎన్ని వరుసలో తెలిపే అంకె, చివర ఇంగ్లీషు పెద్ద ‘ఎ’ (A) అక్షరం వరుసగా పంపాలి. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్‌కు తెలిసిన ఈ సంకేతం నేటి టెర్మినళ్లలోనూ పనిచేస్తుంది.

పట్టుమని పది వరుసల కోడ్‌తో పని పూర్తయినట్టే కనిపిస్తుంది. ఇప్పుడు విండో వెడల్పు తగ్గిస్తున్నాను, గమనించండి. పొడవైన ఫైలు పేరు రెండో వరుసలోకి మడతపడింది. ప్రోగ్రామ్ లెక్కలో నాలుగు వరుసలు, తెర మీద ఐదు. అది నాలుగే పైకి ఎక్కుతుంది కనుక, ప్రతిసారీ ఒక పాత వరుస చెరగకుండా మిగిలిపోయి చెత్త పేరుకుంటోంది. కర్సర్‌ను కదిలించడం తేలికే, తెర మీద మనం నిజంగా ఎన్ని వరుసలు ఆక్రమించామో తెలుసుకోవడమే కష్టం. తెలుగు పేర్లున్న ఫైళ్లయితే మరో చిక్కు: ‘కి’ అనేది కంటికి ఒక్క అక్షరమే అయినా పైథాన్ దాని పొడవును రెండుగా లెక్కిస్తుంది.

తెర మినుకుమినుకుమనడం రెండో లోపం. ముందు అంతా చెరిపి తర్వాత రాస్తే ఆ మధ్య ఖాళీ కంటికి తగులుతుంది; అందువల్ల పాతదాని మీదే కొత్తది రాసి, వరుస చివర మిగిలినదాన్ని మాత్రమే చెరిపి, మొత్తాన్ని ఒకే స్ట్రింగ్‌గా ఒక్కసారి పంపడం మేలు.

కర్సెస్ తెర మీద ఉన్నదాన్ని, ఉండవలసినదాన్ని పోల్చి తేడాను మాత్రమే పంపుతుంది. ఎడిటర్ వంటివాటికి అది తగినదే గాని, తెరనంతా తన అధీనంలోకి తీసుకుంటుంది. ప్రోగ్రామ్ ముగిశాక చాలా టెర్మినళ్లలో ఫలితం కూడా మాయమవుతుంది. పైగా విండోస్ పైథాన్‌తో అది రాదు. నాలుగు వరుసల కోసం ఇంత హంగామా అనవసరమని నా అభిప్రాయం.

నా ఓటు రిచ్ లైవ్‌కే. అది వెడల్పును తానే కొలుస్తుంది, మామూలుగా సెకనుకు 4 సార్లు తెరను తాజాపరుస్తుంది, మధ్యలో మనం ప్రింట్ చేసిన సందేశాలను కదిలే భాగానికి పైన పద్ధతిగా ఉంచుతుంది. అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లిస్తే చివరి స్థితిని మాత్రమే రాస్తుంది. సొంత కోడ్‌లోనైతే, అవుట్‌పుట్ టెర్మినల్‌కే వెళ్తోందో లేదో చెప్పే ఈజ్‌ఎటీటీవై (isatty) ఫంక్షన్‌తో మనమే తనిఖీ చేయకపోతే లాగ్ ఫైలు నిండా ఎస్కేప్ అక్షరాలే ఉంటాయి. అయితే ఒక పరిమితి ఉంది: 24 వరుసల తెర మీద 40 ఫైళ్లను చూపించమంటే, పట్టనివాటి స్థానంలో మూడు చుక్కలు పెట్టి ఊరుకుంటుంది. అటువంటప్పుడు నేను ఇంకా డౌన్‌లోడ్ అవుతున్న ఫైళ్లను మాత్రమే లైవ్‌లో ఉంచి, పూర్తయినవాటిని మామూలు ప్రింట్‌తో పైకి పంపేస్తున్నాను.