అరువు గొంతులతో నిలిచిన నటి: బార్బరా స్టీల్‌పై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. తక్కువ ఖర్చుతో తీసిన హారర్ సినిమాలతోనే పేరు తెచ్చుకున్న బార్బరా స్టీల్ గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. స్టూడియోలో ఒక సినీ విమర్శకురాలు, ఒక ఎడిటర్, ఒక డబ్బింగ్ కళాకారిణి ఉన్నారు. మేడమ్, ఇంగ్లండ్ అమ్మాయి ఇటలీ దెయ్యాల సినిమాల్లోకి ఎలా వెళ్లింది?

విమర్శకురాలు: ఆమె 1937లో బర్కెన్‌హెడ్‌లో పుట్టారు. బ్రిటన్‌లో ర్యాంక్ అనే సినిమా సంస్థ కాంట్రాక్టు ఇచ్చి చిన్నాచితకా వేషాలతో సరిపెట్టింది. హాలీవుడ్‌లో ఎల్విస్ ప్రెస్లీ సినిమాకి తీసుకున్నారు గానీ, మధ్యలోనే బయటికొచ్చేశారు. ఆ పాత్ర బార్బరా ఈడెన్ చేశారు. 1960లోనే ఇటలీ దర్శకుడు మారియో బావా తీసిన హారర్ సినిమా 'బ్లాక్ సండే' వచ్చింది. పెద్ద స్టూడియోలకు ఈమెతో ఏం చేయించాలో తోచలేదు, బావాకు తోచింది.

ఎడిటర్: అదీ డబుల్ రోల్! మంత్రగత్తె ఆసా, అదే వంశంలో పుట్టిన కాత్యా. ఆసా ముఖం మీద మేకుల గుర్తులుంటాయి, నిజమే. కానీ అవి లేకపోయినా ఎవరు ఎవరో చూపుని బట్టి చెప్పేయొచ్చు. అంత పెద్ద కళ్లకి అంత దగ్గరగా కెమెరా పెడితే చిన్న అబద్ధం కూడా దొరికిపోతుంది. ఆమె దొరకలేదు. 1965లో 'నైట్‌మేర్ క్యాజిల్'లోనూ రెండు పాత్రలు చేశారు.

డబ్బింగ్ కళాకారిణి: నాదొక మాటండీ. 'బ్లాక్ సండే' ఇంగ్లిష్ వెర్షన్‌లో వినిపించేది ఆమె గొంతు కాదు. ఆ రోజుల్లో ఇటలీలో మాటలు తర్వాత కలపడం మామూలే, సరే అనుకుందాం. కానీ 1961లో అమెరికాలో రోజర్ కార్మన్ తీసిన 'ది పిట్ అండ్ ది పెండ్యులమ్'లో కూడా వేరే గొంతే పెట్టారు. సొంత భాషలో చేసిన సినిమాలో! నటనలో సగం ఊపిరిలో ఉంటుంది. ఆ సగాన్ని తీసేశారు. నాకు చాలా కష్టంగా అనిపించింది.

వ్యాఖ్యాత: మరి ఆ ముద్ర నుంచి బయటపడగలిగారా?

విమర్శకురాలు: 1963లో ఇటలీ దర్శకుడు ఫెలీనీ తీసిన, హారర్ కాని '8½'లో వేశారు. అయినా నిర్మాతలు మళ్లీ కోటలు, సమాధుల కథలతోనే వచ్చారు. 1970ల్లో మాత్రం కుర్ర దర్శకులు వెతుక్కుంటూ పిలిచారు. జొనాథన్ డెమీ, డేవిడ్ క్రోనెన్‌బర్గ్, జో డాంటే ముగ్గురూ అప్పట్లో చిన్న బడ్జెట్ వాళ్లే. ఆ తర్వాత టీవీలో నిర్మాతయ్యారు. 'వార్ అండ్ రిమెంబ్రెన్స్' మినీ సిరీస్ నిర్మాతల్లో ఒకరిగా అమెరికా టీవీ అవార్డు ఎమ్మీ అందుకున్నారు.

ఎడిటర్: దాన్ని హారర్ నుంచి తప్పించుకోవడం అంటే నేను ఒప్పుకోను. నటిగా ఆమె అసలు పని ఆ సినిమాల్లోనే ఉంది. బహుమతి వచ్చింది కాబట్టి అది గొప్ప, ఇది తక్కువ అనడం అన్యాయం.

వ్యాఖ్యాత: కొత్తవాళ్లు ఏది ముందు చూడాలి?

ఎడిటర్: 'బ్లాక్ సండే'. అందులో సందేహమే లేదు.

డబ్బింగ్ కళాకారిణి: దాని వెంటనే 1974 నాటి 'కేజ్డ్ హీట్' చూడండి. చక్రాల కుర్చీలో ఉండే జైలు అధికారిణి పాత్ర. ఆ గొంతు ఆమెదే.