వేడినీటి బుగ్గ పక్కన కరెంటు ప్లాంటు: డిక్సీ మెడోస్‌లో పర్యావరణ పరిశీలన సరిగ్గా జరిగిందా?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: భూగర్భ జలశాస్త్రం బోధించి రిటైరైన ఆచార్యులు, పర్యావరణ కేసులు వాదించే న్యాయవాది, విద్యుత్ రంగంలో పనిచేసిన ఇంజనీర్)

నిర్వాహకురాలు: అందరికీ నమస్కారం. అమెరికాలోని నెవడా రాష్ట్రంలో డిక్సీ లోయ అని ఒక ఎడారి లోయ ఉంది. అక్కడ డిక్సీ మెడోస్ అనే చోట, ప్రభుత్వ భూమిలో, భూమి లోపలి వేడితో కరెంటు, అంటే భూతాప విద్యుత్, తీసే ప్లాంట్లు పెడతామని ఓర్మాట్ అనే కంపెనీ ముందుకొచ్చింది. 30 మెగావాట్ల చొప్పున రెండు ప్లాంట్లు. ఆ భూములను చూసుకునే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, అంటే బీఎల్‌ఎం, 2021 నవంబరులో అనుమతి ఇచ్చింది. నెల తిరగకుండానే కేసు పడింది. ఆ వివాదం గురించే ఈ రోజు చర్చ. ఇంజనీర్ గారూ, ముందు మీరు చెప్పండి. ఇది పొగ రాని కరెంటు కదా, గొడవ ఎందుకు?

ఇంజనీర్: పొగ రాదు, బొగ్గు అక్కర్లేదు. ఎండ ఉన్నా లేకపోయినా, గాలి వీచినా వీచకపోయినా రాత్రీ పగలూ నడుస్తుంది. సోలార్‌కు లేని సుగుణం అది. అక్కడ పెట్టాలనుకున్నది బైనరీ ప్లాంటు. లోతైన బావిలోంచి వేడినీటిని పైకి తోడతారు. ఆ వేడితో, తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే వేరే ద్రవాన్ని ఆవిరి చేసి టర్బైన్ తిప్పుతారు. చల్లబడిన నీటిని ఇంకో బావి ద్వారా తిరిగి భూమిలోకే పంపిస్తారు. నీళ్లు పోవు, వేడిని మాత్రమే వాడుకుంటాం. వాతావరణ మార్పు గురించి బెంగపడేవాళ్లు ఇలాంటి ప్లాంట్లను వద్దనడం నాకు బాధగా ఉంటుంది.

ఆచార్యులు: "నీళ్లు పోవు" అన్న మాట దగ్గరే ఆగాలి. తీసినంతా తిరిగి పంపుతారు, నిజమే. కానీ తీసిన చోటికి, తీసిన లోతుకి, తీసిన వేడితో పంపరు కదా. వేడినీటి బుగ్గ పైకి ఉబకాలంటే కింద ఒత్తిడి ఉండాలి. ఆ ఒత్తిడి నేలలోని పగుళ్ల దారిన పైకొస్తుంది. తోడే బావి దగ్గర ఒత్తిడి పడిపోతుంది, పంపే బావి దగ్గర పెరుగుతుంది. మధ్యలో ఉన్న బుగ్గ సంగతి ఆ పగుళ్లు ఎటు పోతున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. మన ఊళ్లో ఒకాయన లోతుగా బోరు వేయిస్తే పక్క రైతు బావి ఎండిపోవడం చూడలేదా? ఒక్కోసారి పక్క బావికి ఏమీ కాదు, అరకిలోమీటరు అవతలి బావి ఎండుతుంది. కింద దారులు మనకు కనపడవు.

నిర్వాహకురాలు: ఇది ఊహా సార్, జరిగిందా?

ఆచార్యులు: జరిగింది, చాలా చోట్ల. న్యూజిలాండ్‌లో వైరాకే దగ్గర 1958లో ప్లాంటు మొదలయ్యాక పక్కనే ఉన్న గీజర్ లోయ చచ్చిపోయింది. గీజర్ అంటే ఉండుండి వేడినీటిని పైకి ఎగజిమ్మే బుగ్గ. అదే నెవడాలో బియోవావే అనే చోట గొప్ప గీజర్లు ఉండేవి. 1950ల చివర్లో, 60ల మొదట్లో అన్వేషణ బావులు తవ్వారు, అవి పోయాయి. ప్లాంటు కూడా రాకముందే పోయాయి! నెవడాలోనే జెర్సీ వ్యాలీ అనే చోట ఇదే ఓర్మాట్ ప్లాంటు నడవడం మొదలైన కొన్నేళ్లకే అక్కడి వేడినీటి బుగ్గ ఎండిపోయింది. అది ప్రభుత్వ రికార్డుల్లోనే ఉంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. న్యూజిలాండ్‌లోనే రోటొరువా ఊళ్లో జనం ఇళ్లకి, హోటళ్లకి వేడినీళ్ల బోర్లు వేసుకుంటూ పోతే బుగ్గలు నీరసించాయి. 1986లో ప్రభుత్వం పొహుటు గీజర్‌కు ఒకటిన్నర కిలోమీటరు లోపలున్న బోర్లన్నీ మూసేయమంది. కొన్ని బుగ్గలు మళ్లీ పుంజుకున్నాయి.

ఇంజనీర్: చూశారా, మూసేస్తే తిరిగొచ్చాయి!

ఆచార్యులు: కొన్ని వచ్చాయి. దానికి కూడా ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో ఆ నీటి మీద బతికే ప్రాణి ఎక్కడికి పోవాలి?

నిర్వాహకురాలు: అక్కడికే వస్తున్నాను. ఒక ప్రేక్షకుడి ప్రశ్న ఉంది: "చిన్న కప్ప కోసం వేల ఇళ్లకు వెళ్లే కరెంటు ఆపాలా?" మేడమ్, మీరు చెప్పండి.

న్యాయవాది: ఆ కప్ప పేరు డిక్సీ వ్యాలీ టోడ్. అది వేరే జాతి అని శాస్త్రవేత్తలు చెప్పింది 2017లోనే. ప్రపంచం మొత్తంలో దానికి ఉన్న ఇల్లు ఆ బుగ్గల నీటితో ఏర్పడిన చిత్తడి నేల ఒక్కటే, సుమారు 760 ఎకరాలు. చుట్టూ ఎడారి, ఇంకో చోటికి గెంతుకుంటూ పోయే వీలు లేదు. చలికాలం గడవాలన్నా, గుడ్లు పెట్టాలన్నా దానికి ఆ గోరువెచ్చటి నీళ్లు కావాలి. ప్రపంచమంతా కప్పలను చంపుతున్న కైట్రిడ్ అనే శిలీంద్రం ఉంది, దాన్ని తట్టుకోవడానికి కూడా ఆ వెచ్చదనమే తోడ్పడుతుందని చెబుతున్నారు. అంటే నీళ్లు పూర్తిగా ఎండనక్కర్లేదు. కాస్త చల్లబడితే చాలు, ఆ జాతి అంతమైపోవచ్చు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో వన్యప్రాణులను చూసుకునే ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ దాన్ని అత్యవసరంగా, 240 రోజుల పాటు, అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది. డిసెంబరులో అది శాశ్వతం చేసింది. ఒక శాఖ అనుమతి ఇచ్చిన అయిదు నెలలకే ఇంకో శాఖ ప్రమాద హెచ్చరిక ఇచ్చిందంటే, మొదటి శాఖ చేసిన పరిశీలన ఏపాటిది?

ఆ ప్రశ్నలో ఇంకో పొరపాటు ఉంది. ఇది కప్ప ఒక్కదాని విషయం కాదు. ఆ బుగ్గలు ఫాలన్ పయూట్-షోషోన్ తెగకు పవిత్రమైన చోటు. తరతరాలుగా అక్కడ ప్రార్థనలు చేస్తున్నారు, ఆ నీటిని వైద్యానికి వాడుతున్నారు. కేసు వేసినవాళ్లలో సెంటర్ ఫర్ బయలాజికల్ డైవర్సిటీతో పాటు ఆ తెగ కూడా ఉంది. మన దగ్గర ఏ పుణ్యక్షేత్రం కోనేరు పక్కనో ఇలా తవ్వుతామంటే ఊరుకుంటామా?

నిర్వాహకురాలు: పరిశీలన జరగలేదని అనలేం కదా? కాగితాలు ఉన్నాయి.

న్యాయవాది: ఉన్నాయి, ఏ కాగితాలు అన్నదే అసలు గొడవ. అమెరికాలో నేపా అనే చట్టం 1970 జనవరి 1 నుంచి ఉంది. దాని కింద రెండు మెట్లుంటాయి. చిన్నది పర్యావరణ అంచనా. ప్రభావం పెద్దగా ఉండొచ్చని తేలితే పూర్తి స్థాయి పర్యావరణ ప్రభావ నివేదిక తయారు చేయాలి. డిక్సీ మెడోస్‌కు బీఎల్‌ఎం చిన్నదాంతోనే సరిపెట్టి, "గణనీయమైన ప్రభావం ఉండదు" అని తేల్చేసింది. అలా తేల్చడానికి ఆధారం ఏంటంటే, తవ్వకం మొదలయ్యాక బుగ్గలను గమనిస్తూ ఉంటాం, నీరు తగ్గినా చల్లబడినా అప్పుడు సరిచేస్తాం అన్న ఒక ప్లాను. ఇది నాకు మింగుడు పడదు. ప్రభావం ఉండదని తెలిస్తే ఈ ప్లాను ఎందుకు? ఉండొచ్చని అనుమానం ఉంటే పూర్తి నివేదిక ఎందుకు రాయలేదు?

ఇంజనీర్: మేడమ్, భూమి లోపల ఏముందో తవ్వకుండా ఎవరూ నూటికి నూరు పాళ్లు చెప్పలేరు. గమనిస్తూ సర్దుకుంటూ పోవడం ఈ రంగంలో అందరూ చేసేదే. మీరడిగే ఖచ్చితత్వం కావాలంటే ఒక్క ప్లాంటు కూడా రాదు.

ఆచార్యులు: తవ్వకుండా చెప్పలేమన్నది నిజం. నేను అడిగేది తవ్వకముందు కొలిచారా అని. ఒక్కో బుగ్గలో ఏ నెలలో ఎంత నీరొస్తోంది, ఎంత వేడి, అందులో ఏ లవణాలు ఉన్నాయి, వాన పడ్డ ఏడాదికీ పడని ఏడాదికీ తేడా ఎంత? ఈ లెక్క కొన్నేళ్లపాటు రాసి పెట్టుకోవాలి. అది లేకపోతే రేపు నీరు తగ్గినప్పుడు కంపెనీ "కరువు వల్ల" అంటుంది, తెగవాళ్లు "మీ బావుల వల్ల" అంటారు. తేల్చేది ఎవరు? పైగా కింద ఒత్తిడి మారాక ఆ మార్పు పైకి కనపడటానికి సమయం పడుతుంది. పంపులు ఆపాక తిరిగి సర్దుకోవడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ సంప్రదించిన నిపుణులు కూడా ఆ ప్లాను మార్పును వేళకు పసిగట్టి సరిదిద్దుతుందన్న నమ్మకం వెలిబుచ్చలేదు.

ఇంజనీర్: కొలతల విషయంలో మీతో ఏకీభవిస్తాను సార్. అది పరిశ్రమకూ మంచిదే. కాలిఫోర్నియాలో గీజర్స్ అని ప్రపంచంలోనే పెద్ద క్షేత్రం ఉంది, 1960 నుంచి నడుస్తోంది. దొరికింది కదా అని ప్లాంట్ల మీద ప్లాంట్లు కట్టారు. 1980ల చివరికి ఆవిరి పడిపోయింది. తర్వాత ఊళ్ల మురుగునీటిని శుద్ధి చేసి, పైపుల్లో తెచ్చి భూమిలోకి పంపి నిలబెట్టారు. ముందే లెక్క చూసుకుని ఉంటే అంత డబ్బు వృథా అయ్యేది కాదు.

నిర్వాహకురాలు: కోర్టు ఏమంది మేడమ్?

న్యాయవాది: జిల్లా కోర్టు 2022 జనవరిలో 90 రోజులు పనులు ఆపింది. అంతకు మించి ఆపడానికి పై కోర్టు కూడా ఒప్పుకోలేదు. ఆగస్టులో పనులు మొదలయ్యాయి, ఆ వెంటనే కంపెనీయే ఆపడానికి ఒప్పుకుంది. తర్వాత 60 మెగావాట్ల బదులు 12 మెగావాట్లతో మొదలుపెడతామంది. ఇక్కడ ఒకటి గమనించండి. 12తో మొదలుపెట్టి బుగ్గలు ఎలా ఉంటాయో చూద్దామన్న ఆలోచన మొదటి రోజే వచ్చి ఉండాల్సింది. కప్ప జాబితాలోకి ఎక్కాక వచ్చింది. పరిశీలన అంటే ఇలాంటి ప్రత్యామ్నాయాలను ముందే పక్కపక్కన పెట్టి చూడటమే కదా.

ఇప్పుడు పరిస్థితి ఇంకా దిగజారింది. 2025 ఏప్రిల్‌లో బీఎల్‌ఎం పైనున్న ఇంటీరియర్ శాఖ ఇంధన ప్రాజెక్టులకు అత్యవసర పద్ధతి తెచ్చింది. చిన్న అంచనా 14 రోజుల్లో, పూర్తి నివేదిక 28 రోజుల్లో ముగించాలి. భూతాప విద్యుత్ కూడా ఆ జాబితాలో ఉంది. సార్ అడిగిన కొలతలకు ఏళ్లు కావాలి. 14 రోజుల్లో ఏ బుగ్గ గుణం తెలుస్తుంది?

నిర్వాహకురాలు: మన దగ్గరికి వద్దాం. జియలాజికల్ సర్వే దేశంలో 381 వేడినీటి తావులను గుర్తించింది. 10 వేల మెగావాట్ల దాకా అవకాశం ఉందంటున్నారు.

ఇంజనీర్: మన తెలంగాణలోనే మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. చాలా చిన్నది, కానీ గోదావరి లోయలో ఈ వేడి వాడుకోవచ్చని చూపించింది. లద్దాఖ్‌లోని పుగాలో ఓఎన్‌జీసీ 1 మెగావాట్ ప్లాంటు కోసం 2021లో ఒప్పందం చేసుకుంది. లద్దాఖ్‌లో చలికాలం డీజిల్ జనరేటర్ల మీద బతికేవాళ్లకు ఇది వస్తే ఎంత మేలో ఆలోచించండి.

న్యాయవాది: మేలే, నేను కాదనను. కానీ 2022 ఆగస్టులో అక్కడ తవ్వుతుండగా లోపలి ద్రవం అదుపు తప్పి పైకొచ్చి పుగా వాగులో కలిసింది, పనులు ఆపాల్సి వచ్చింది. సముద్రమట్టానికి 4,400 మీటర్ల ఎత్తున ఉన్న లోయ అది. ఆ చిత్తడి నేలలకు నల్లమెడ క్రేన్ పక్షులు వస్తాయి, చాంగ్‌పా పశుపోషకులు మందలు మేపుకుంటారు. ఆ వాగు నీళ్లే అందరికీ ఆధారం.

ఆచార్యులు: అలాంటి చోట బావి తవ్వేముందే వాగు నీటి రసాయన లెక్క కాగితం మీద ఉండాలి, అదీ మందలు కాసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో. 1 మెగావాటే కదా అని వదిలేస్తే కుదరదు. బియోవావేలో ఒక్క మెగావాట్ తీయకముందే గీజర్లు పోయాయని ఇందాకే చెప్పాను.

నిర్వాహకురాలు: ఇంజనీర్ గారూ, ఈ కొలతల ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ఇంజనీర్: లీజు ఇచ్చేది ప్రభుత్వం, ఆదాయం వచ్చేదీ ప్రభుత్వానికే. అమెరికాలో కంపెనీలు కట్టే భూతాప రాయల్టీలో సగం రాష్ట్రానికి, పావు వంతు కౌంటీకి, అంటే మన జిల్లా లాంటి దానికి, వెళ్తుంది. కాబట్టి లీజు వేలానికి పెట్టకముందే, ప్రభుత్వమే తన ఖర్చుతో బుగ్గల దగ్గర మీటర్లు పెట్టించి రెండు మూడేళ్లు కొలిపించాలి. ఆ లెక్కలు వేలంలో పాల్గొనే ప్రతి కంపెనీకీ, ఊళ్లో ప్రతి మనిషికీ ఇవ్వాలి. కంపెనీ చేతికి భూమి వెళ్లాక, బ్యాంకు అప్పు తీసుకున్నాక, 2022 చివరికల్లా కరెంటు ఇవ్వాలన్న ఒప్పందం లాంటిది మెడ మీద ఉన్నాక, ఎవరూ తీరిగ్గా కొలవరు. డిక్సీ మెడోస్‌లో ఓర్మాట్‌కు సరిగ్గా ఆ గడువే ఉండేది.

న్యాయవాది: ఆ మీటర్లు పుగాలో, పగిడేరులో ఈ ఏడాదే పెట్టమని అడుగుదాం. మీరు కూడా సంతకం పెడతారా?

ఇంజనీర్: పెడతాను.