మత్తులో ఉన్న మెదడు, మానిటర్ మీద అంకె

నమస్కారమండీ. ఆపరేషన్ ముందు మనవాళ్ళు సర్జన్‌ని వంద ప్రశ్నలు అడుగుతారు గానీ, మత్తు డాక్టర్‌ని అడిగేది ఒక్కటే: "మధ్యలో మెలకువ రాదు కదా సార్?" తీసిపారేసే ప్రశ్న కాదది. ఆ ప్రశ్న చుట్టూ ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి ఎమరీ బ్రౌన్. బోస్టన్‌లో మత్తు డాక్టర్, ఎంఐటీలో ప్రొఫెసర్.

ఆయన దగ్గరికి వెళ్ళేముందు మన ఊరి సంగతి ఒకటి. 1888లో ఒకటి, 1889లో ఒకటి, హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లని రెండు ఇక్కడే పనిచేశాయి. వెనక ఉన్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం. తగువేంటంటే, క్లోరోఫామ్ ఇచ్చేటప్పుడు కనిపెట్టుకుని ఉండాల్సింది నాడినా, ఊపిరినా? ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీలో సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఊపిరే అని పట్టుబట్టాడు. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు కూడా క్లోరోఫామ్ గుండె లయని చెడగొట్టి ప్రాణం తీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాక ఆయన వాదం నిలబడలేదు. నన్నడిగితే ఇద్దరూ చుట్టుపక్కలే తిరిగారు. మందు పనిచేసేది మెదడు మీద. దాన్ని చూసే సాధనం అప్పటికి లేదు మరి.

మనిషి మెదడు తరంగాల్ని హాన్స్ బెర్గర్ రికార్డు చేసింది 1924లో. ఆ తరంగాల నుంచి మత్తు ఎంత లోతుగా ఉందో అంకెగా చెప్పే బిస్ మానిటర్‌కి 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. నుదుటి మీద ఒక స్టిక్కర్, తెర మీద 0 నుంచి 100 వరకు ఒక అంకె. 40కీ 60కీ మధ్య ఉంటే మత్తు సరిగ్గా ఉన్నట్టు.

హమ్మయ్య అనుకుంటున్నారా? ఆగండి. 2015లో అచ్చయిన ఒక ప్రయోగం వినండి. పదిమంది వాలంటీర్లు. మత్తు చుక్క కూడా ఇవ్వలేదు, కండరాల్ని కదలకుండా చేసే మందు మాత్రమే ఇచ్చారు. ఆ మందు ఒక చేతికి ఎక్కకుండా పట్టీ బిగించారు. ఒళ్ళంతా కట్టెలా పడి ఉంది, ఊపిరి కూడా డాక్టర్లే అందిస్తున్నారు. అడిగినదానికి ఆ ఒక్క చెయ్యి కదిపి జవాబు చెబుతున్నారు! అంటే పూర్తి మెలకువ. మానిటర్ అంకె మాత్రం ఒకరిలో 44 దాకా దిగింది. నుదుటి కండరాల అలజడిని కూడా ఆ యంత్రం మెదడు లెక్కలో కలిపేసుకుంటుంది. కండరం ఆగితే అంకె పడిపోతుంది.

బ్రౌన్ హార్వర్డ్‌లో డాక్టర్ చదువుతోపాటు స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ కూడా చేశాడు. అందుకేనేమో, ఒక్క అంకెతో సరిపెట్టుకోలేదు. జనరల్ అనస్థీషియా నిద్ర కాదు, వెనక్కి రాగలిగిన కోమా అని 2010లో ఇద్దరు సహచరులతో కలిసి రాశాడు. తర్వాత ప్యాట్రిక్ పర్డన్ వాళ్ళతో కలిసి ఒక్కో మందుకి మెదడులో ఒక్కో తరంగాల వరుస ఉంటుందని చూపించాడు. ప్రొపొఫాల్‌కి నెమ్మది అలలు, వాటితోపాటు నుదుటి వైపు, వాటికంటే వేగమైన ఆల్ఫా అలలు. కెటమిన్‌కి ఇంకా వేగమైన గామా అలలు. అందుకే కెటమిన్‌తో మనిషి మత్తులో ఉన్నా బిస్ అంకె పైకి పోవచ్చు. పెద్దవయసు వాళ్ళలో ఆల్ఫా బలం తగ్గుతుంది, అదీ లెక్కలోకి రావాలి. అంకెని కాదు, తరంగాల చిత్రాన్నే చదవమంటాడాయన. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ ఇచ్చింది.

మానిటర్ ఏదైనా మోతాదు లెక్క మీ జవాబుల దగ్గరే మొదలవుతుంది. రోజూ పుచ్చుకునే అలవాటుంటే, పక్కన మామగారు ఉన్నారని మత్తు డాక్టర్ దగ్గర "అబ్బే, ఎప్పుడో పెళ్ళిళ్ళలో" అనకండి. ఆయన్ని కాసేపు టీకి పంపి, ఉన్నదున్నట్టు చెప్పేయండి.