పాత జీన్స్ జాకెట్, లంబాడీ అద్దాలు

నమస్కారమండీ. చిరిగిందీ లేదు, అలాగని వేసుకోబుద్ధీ కాదు, అలాంటి జీన్స్ జాకెట్ ఒకటైనా మీ బీరువా అడుగున ఉండే ఉంటుంది. నాదీ అలాంటిదే, మోచేతుల దగ్గర వెలిసిపోయింది. ఇప్పుడు దాని వీపు మీద లంబాడీ అద్దాల పని ఉంది, ఎక్కడికి వేసుకెళ్లినా అందరూ ఆగి చూస్తున్నారు.

పాతబట్టని ఇలా కొత్తగా మార్చుకోవడాన్ని ఇప్పుడు అప్‌సైక్లింగ్ అంటున్నారు గానీ తండాల్లో అది ఎప్పటి నుంచో ఉన్నదే. లంబాడీ ఆడవాళ్ల ఫేట్యా, కాంచళి, అంటే మన లంగా, రవికె అనుకోండి, వాటిని దగ్గరగా చూస్తే రంగురంగుల గుడ్డముక్కల అతుకులు, ఆ అతుకుల మీద అద్దాలు, గవ్వలు, పాత నాణేలు. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగిన వాళ్ల చేతిపని అది.

అద్దానికి బెజ్జం ఉండదు కదా, మరి గుడ్డ మీద ఎలా నిలుస్తుంది? ముందు దాని మీదుగా నిలువుగా, అడ్డంగా దారాలు లాగి బిగిస్తారు. తర్వాత ఆ దారాల్ని పట్టుకుని చుట్టూ కాజా కుట్టులాంటిది వేసుకుంటూ పోతే అవి అంచుకి జరిగి, మధ్యలో అద్దం కళ్లు తెరుస్తుంది.

నేను మొదట ఒక ఎగ్జిబిషన్‌లో కొన్న జాకెట్‌కి ఇదేమీ లేదు. ఒక్క ఉతుకుకే అద్దాలన్నీ ఊడి బకెట్ అడుగుకి చేరాయి, జిగురుతో అంటించారట! చాలా బాధేసింది.

ఇంకోటి, నాకు అసలు మనసొప్పనిది. పాత ఫేట్యాలు కొనేసి, కత్తిరించి జాకెట్లకీ బ్యాగులకీ అతికేస్తున్నారు. ఒకామె ఏళ్ల తరబడి కుట్టుకున్నది అది. దయచేసి వాటిని కొయ్యొద్దు, పని కొత్తగా చేయించుకోండి. చేసేవాళ్లు లేరా అంటే ఉన్నారు. కర్ణాటకలో లంబాడీలని లంబాణీలంటారు, అక్కడి సండూరు లంబాణీ కుట్టుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి ప్రత్యేకత అనే అధికారిక గుర్తింపు ఉంది, 2023లో హంపిలో వాళ్లు 1755 వస్తువులు ప్రదర్శనకి పెట్టి గిన్నిస్ రికార్డు కొట్టారు. తమిళనాడు సిట్టిలింగిలో లంబాడీ ఆడవాళ్లు దాదాపు మరిచిపోయిన కుట్టునే మళ్లీ నేర్చుకుని, తమ సంఘానికి పోర్గై అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల భాషలో గర్వం అని అర్థం.

జీన్స్ గుడ్డ మందం, సూది దిగదు, వేళ్లు పోతాయి. అందుకని విడిగా కాటన్ ముక్క మీద చేయించి జాకెట్‌కి కుట్టించుకోండి, జాకెట్ పాతబడితే ఆ ముక్క విప్పి ఇంకోదానికి వేసుకోవచ్చు.

నా జాకెట్ కుట్టిన పెద్దావిడని నేను యాడీ అనే పిలిచాను, అంటే అమ్మ. దారం పంటితో తెంపి, నా చేతికిచ్చి, "ముందు కాదు బిడ్డా, వెనక్కి తిప్పి చూడు" అంది. తిప్పితే ప్రతి అద్దం వెనకా దారాల గుండ్రం, ఒక్కటి కూడా వదులుగా లేదు.