పిట్టలతో పేచీ ఆ నెల రోజులే

అందరికీ నమస్కారమండి. వరి కోతలవుతున్నాయి, మన చీపురుపల్లి, గరివిడి, గుర్ల వైపే కాదు, అటు రణస్థలం, లావేరు దాకా మళ్ళీ మొక్కజొన్న విత్తనం బస్తాలు దిగుతున్నాయి. పిట్టల సంగతి ఇప్పుడే మాట్లాడుకోవాలి, మాఘమాసంలో పొత్తులు పోయాక నెత్తీ నోరూ కొట్టుకుంటే లాభం లేదు.

పిట్ట మనకి ఏడాది పొడవునా శత్రువు కాదండి. మొక్కజొన్నకి గండం రెండుసార్లే. మొలక వచ్చే మొదటి పది పన్నెండు రోజులు కాకులు, పావురాళ్ళు, నెమళ్ళు విత్తనాన్ని పీకేస్తాయి. ఆ తర్వాత పీచు వచ్చి గింజ పాలు పోసుకున్న దగ్గర్నుంచి గట్టిపడే దాకా, సుమారు ఇరవై రోజులు, రామచిలకలదీ కాకులదీ రాజ్యం. మన శ్రమ, ఖర్చు ఆ రోజుల్లోనే పెట్టాలి. విత్తిన రోజే దిష్టిబొమ్మ పాతేసి వదిలేస్తే పొత్తు వచ్చేసరికి దానికి పిట్టలు అలవాటు పడిపోతాయి, ఇక భయమెక్కడిది?

చిలక తినే తీరు చూడండి. పొత్తు కొన దగ్గర పొట్టు చీల్చి, నాలుగు గింజలు కొరికి, సగం కింద రాల్చి, పక్క పొత్తు మీదికి పోతుంది. తిన్నదానికంటే పాడు చేసిందే ఎక్కువ. తెరుచుకున్న పొత్తులోకి మంచు దిగి బూజు కూడా పడుతుంది. అయితే ఈ దాడి ఎక్కువగా గట్ల వెంబడి, చెట్లూ కరెంటు తీగలూ ఉన్న వైపు మొదలవుతుంది. అందుకే చేను మొత్తం అక్కర్లేదు, చుట్టూ మూడు నాలుగు వరుసల్లో పాలు పోసుకునే ముందు అదే మొక్క ఆకుల్ని తెంపకుండా వంచి పొత్తు కనబడకుండా చుట్టేయండి. రూపాయి ఖర్చు లేదు, ఇంట్లోవాళ్ళు చేసుకునే పనే. నాకు అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి ఇదే.

ఇక మెరుపు రిబ్బను, ఒకవైపు ఎరుపు, రెండోవైపు వెండి రంగు ఉండేది. పైరు కంటే అడుగు ఎత్తున, ఉత్తరం దక్షిణంగా, రెండు మూడు మెలికలు పెట్టి కట్టాలి. ఎండకి మెరుస్తుంది, గాలికి గుయ్యిమంటుంది. కానీ మన దగ్గర పొద్దున్నే మంచు కమ్మితే అది మెరవదు, చిలకలు వచ్చేదేమో తెల్లవారగానే, మళ్ళీ సాయంత్రం. కాబట్టి ఆ రెండు పూటలా మంచె మీద మనిషి ఉండాల్సిందే, డబ్బా కొట్టాల్సిందే.

కొందరు గుళికల మందు కలిపిన గింజలు చల్లుతున్నారు. దయచేసి వద్దు. నెమలి మన జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని చంపితే జైలే, చిలకని పట్టి పంజరంలో పెట్టినా నేరమే. చట్టం సంగతి అటుంచితే, ఆ గింజలు మన కోళ్ళూ తింటాయి. చప్పుడుతో పిట్టల్ని బెదరగొట్టే కార్బైడు పైపు తుపాకులు కూడా వద్దు, పిల్లల కళ్ళు పోతాయి.

పైగా పిట్టలన్నిటినీ తరిమేస్తే పురుగుల్ని ఎవరు తింటారు? ఏట్రింత, గోరింక, కొంగ రోజంతా చేసే పని అదే. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి ఊళ్ళో ఇళ్ళ మధ్య చెట్ల మీదే కాపురం పెట్టే నత్తగుల్ల కొంగలు మళ్ళలో నత్తల్ని ఏరుకు తింటాయి, ఊరివాళ్ళు వాటిమీద ఈగ వాలనివ్వరు. వరిలో పక్షులు వాలడానికి టీ ఆకారం కర్రలు పాతుకోమనేది అందుకే. ఒక్క జాగ్రత్త, కంకి పాలు పోసుకోగానే ఆ కర్రలు పీకేయాలి, లేకపోతే గింజ తినే పిట్టలకి అవే పీటలవుతాయి.

ఇవన్నీ చేసినా, ఊరందరికంటే ముందో వెనకో ఒక్కడే విత్తితే ఆ చేనుకి దెబ్బ తప్పదు. పిట్టల గుంపంతా ఆ ఒక్కదాని మీదే వాలుతుంది. అందరివీ ఒకేసారి పాలు పోసుకుంటే నష్టం పంచుకుపోతుంది, కాపలాకీ వంతులేసుకోవచ్చు. అందుకని గట్లు కలిసిన రైతులు ఇవాళే కూర్చుని ఒకే వారంలో విత్తేలా మాట్లాడుకోండి. రిబ్బను ఎంత కావాలో కూడా చెప్పండి, అందరికీ కలిపి ఒకేసారి తెప్పిద్దాం. పేర్లు రాయడానికి పుస్తకం ఆ బల్ల మీద ఉంది.